వీధి కావలి: దీపమా, దుడ్డుకఱ్ఱయా?

మొన్నటి సంక్రాంతి దినములలో మా పేటయందొక వీధిలో మూడిండ్ల తాళములు పగిలినవి. మూడిండ్లవారును పండుగకు స్వగ్రామములకు వెళ్లినవారే. ఒక యింట నగలు పోయినవి. ఒక యింట కూతురి వివాహమునకై కొని దాచిన పట్టుచీరలును, కొంత రొక్కమును పోయినవి. మూడవ యింట దొంగలకు విలువైనదేదియు దొరకలేదు. ఆ కోపముచేతనే కాబోలు, వంటయింటి డబ్బాలలోని పప్పులన్నియు నేలపై గ్రుమ్మరించి పోయిరి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవను సామెత మనకు క్రొత్తది కాదు. మా వీధివారు అంతకంటె కొంత త్వరపడిరనియే చెప్పవలెను. పదునొకండవ దినమున పఠనమందిరములో సభ కూడిరి.

ఆ సభలో బయటపడిన యొక సంగతి నేటికిని మా మనస్సును విడువలేదు. మూడవ యింటికి ప్రక్కనున్నవారు ఆ రాత్రి రెండు గంటల వేళ బీరువా తలుపుల చప్పుడు వినిరట. ఊరినుండి ముందుగా తిరిగివచ్చిరి కాబోలునని తలచి మరల నిద్రించిరట. ఫోను చేసి యొకమాట అడుగరాదా యని సభలో నెవరో ప్రశ్నింపగా, ఆ గృహస్థు తలవంచుకొని, వారి నంబరు తనకు తెలియదని చెప్పెను. ఆరేండ్లుగా నొకే గోడకు ఈవలావల నివసించుచున్న రెండు కుటుంబములలో ఒకరి నంబరు మరియొకరికి తెలియదు! ఆ మాట విన్నపుడు సభలో నెవరును నవ్వలేదు. తమతమ ప్రక్కింటివారి నంబరు తమకు తెలియునా యని అందరును లోలోపల తడుముకొనుచుండిరి. మేమును తడుముకొంటిమి. మాకును తెలియదు.

కావున వీధివీధికిని గృహస్థులు కూడి యొక కావలి సంఘమును స్థాపించుకొనవలెనను తీర్మానమును ఆ దినమున మేము మనఃపూర్వకముగ బలపరచితిమి, నేటికిని బలపరచుచున్నాము. కాని ఆ సంఘము పుట్టిన పదునైదు దినములలోపుననే మా వీధిలో మరియొకటి జరిగినది. దానిని దాచిపెట్టి, సంఘములను స్థాపింపుడని ఊరివారికి బోధించుట న్యాయము కాదు. దానిని ముందు చెప్పుదుము.

కావలి యనునది మన దేశమునకు పడమటి దేశములనుండి దిగుమతియైన వస్తువు కాదు. 1443లో విజయనగరమునకు రాయబారియై వచ్చిన పారసీకుడు అబ్దుర్ రజాక్, ఆ నగరమున రక్షకభటుల వ్యవస్థను జూచి వ్రాసిపెట్టినాడు. ఏడు ప్రాకారముల లోపల జరిగిన ప్రతి సంగతియు వారికి తెలిసియుండవలెను. పోయిన సొమ్మును వారు వెదకి తేవలెను. తేలేనిచో వారే దండుగ చెల్లింపవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకను ముందుకు పోయినది. పది, ఇరువది, నలువది కుటుంబములకొక గోపుని నియమించి, ఇంటికి వచ్చిన యతిథిని, ఇంటినుండి వెళ్లిన మనుష్యుని గూర్చి గృహస్థు అతనికి తెలుపవలెనని విధించినది. తెలుపనిచో ఆ రాత్రి జరిగిన నేరమునకు గృహస్థే బాధ్యుడు. మన పల్లెలలో తలారి యుండెను. అతనికి మాన్యముండెను, పంటవేళ కళ్లములో గింజలు దక్కుచుండెను. ఊరి పొలిమేరలో క్రొత్త అడుగుజాడ కనబడిన నది యెవనిదో అతనికి తెలియుచుండెను. ఆ తలారి బ్రదుకు సుఖమైనదని మేము భ్రమించుటలేదు. వెట్టియు, తిట్టును, ఒక్కొక్కపుడు దెబ్బయు నతని పాలివే. అర్థశాస్త్రపు గోపుడును ప్రజల మనిషి కాడు, రాజుగారి కన్ను. అట్టివానిని మరల తెచ్చుకొందమని యెవరును కోరరు. అయినను ఆ పాత యేర్పాటులన్నిటిలో నొక యంశము సామాన్యము: వీధిలో నెవరున్నారో, ఎవరు ఊరికి పోయిరో తెలిసిన మనుష్యుడొకడుండెను. నేటి పట్టణమున ఆ మనుష్యుడు లేడు.

ఒకప్పుడు గూర్ఖా యుండెను. రాత్రి రెండవ జామున ఈల యూదుచు, చేతికఱ్ఱతో రాతిపై కొట్టుచు పోవుచుండెను. నెల మొదటి వారమున వాకిట నిలిచి సలాము చేసి రూకలు పుచ్చుకొనుచుండెను. అతని ఈల దొంగలకు తామెక్కడ నుండరాదో చక్కగా తెలుపుచుండెనని పరిహాసమాడెడువారు. ఆ గూర్ఖా చాల వీధులలో కనబడుట మానినాడు. అతని స్థానమున కెమెరాలు వచ్చినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లో చేసిన ప్రజాభద్రతా చట్టము, జనసమ్మర్దముగల సంస్థలు కెమెరాలు పెట్టుకొనవలెనని విధించినది. పిమ్మట గృహస్థులును చందాలు వేసికొని వీధి మొగల పెట్టించిరి. మంచిదే. మా వీధిలోను ఒక కెమెరా కలదు. దొంగలు వచ్చిన రాత్రి అది చక్కగా పనిచేసినది. ముఖములకు గుడ్డలు చుట్టుకొనిన యిరువురు నడచిపోవుట అందులో స్పష్టముగ నున్నది. చూచుట వేరు, ఎఱుగుట వేరు.

దొంగ మాత్రము వీధిని బాగుగ నెఱుగును. ధనుర్మాసమున ఊరంతయు ముగ్గులతో నిండియుండగా ఏ వాకిట ముగ్గు లేదో ఆ యింట మనుష్యులు లేరని యతనికి వేఱుగా నెవరును చెప్పనక్కరలేదు. గుమ్మమున నాలుగు దినముల పత్రికలు పడియున్నవి. పాలప్యాకెట్టు సంచి ఖాళీగా వ్రేలాడుచున్నది. వరండాలో పగలును రాత్రియు నొకే దీపము వెలుగుచున్నది. ఇవి చాలును. మూడు కుటుంబములవారు ఊరికి పోవుచు ప్రక్కవారితో నొక్కమాట చెప్పిపోయిన యెడల, ప్రక్కింటి యిల్లాలు తన వాకిటితోపాటు ఆ వాకిటను గూడ నాలుగు గీతలు గీసెడిది, పత్రికలు తీసి లోపల వేసెడిది. దానికి చందా యక్కరలేదు, తీర్మానమక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసువారు తాళమువేసిన యిండ్లను గనిపెట్టుట కొక యేర్పాటు చేసియున్నారు. ఊరికి పోవువారు ముందుగ తెలిపినచో వారు వచ్చి యింటిలో కెమెరా నమర్చిపోవుదురు. మా సభలో డెబ్బదిమంది యుండగా, దానిని వినియోగించుకొన్నవారు ఎందరని యడిగితిమి. లేచిన చేతులు రెండు.

ఇక ఆ రెండవ సంగతి.

సంఘము ఏర్పడిన మరునాడే పండ్రెండుమంది యువకులు రాత్రి గస్తీకి పేర్లిచ్చిరి. వారి యుత్సాహము మెచ్చదగినదే. చేతులలో క్రికెట్టు బ్యాట్లును, ఇనుప గొట్టములును ఉండెను. "ఆత్మరక్షణకు" అనిరి. వాట్సాప్‌లో నొక గుంపు తెరచిరి. అందులో వీధివారందరిని చేర్చిరి. తొమ్మిదవ రాత్రి పదునొకండున్నర గంటల వేళ సందులో నొక మనుష్యుడు సంచి పట్టుకొని వేగముగ నడచుచు కనబడెను. నిలువుమనిరి. అతడు బెదరి పరుగెత్తెను. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవాడే దొంగ యని మనవారి నమ్మకము. చీకటిలో పండ్రెండుమంది బ్యాట్లతో ఎదురువచ్చిన భుజము తడుముకొననివాడెవడో మాకు చూడవలెనని యున్నది. పట్టి దీపస్తంభమునకు కట్టివేసిరి. అతనికి తెలుగు రాదు. ఏదో చెప్పుచుండెను, ఎవరికిని తెలియలేదు. తెలియకపోవుటయే నేరమునకు సాక్ష్యమైనది. ఫోను లాగికొనిరి. ఛాయాచిత్రము తీసి "దొంగ దొరికెను" అని గుంపులో పెట్టిరి. అరగంటలో నలువదిమంది చేరిరి. చెంపదెబ్బతో మొదలైనది, కాళ్లదాక వచ్చినది.

ఆ ఛాయాచిత్రము మా ఫోనునకును వచ్చెను. దాచుటయెందులకు? దానిని చూచి, పోనిండు, దొరికినాడుగదా యని నిట్టూర్చి, మంచముపై నొత్తిగిలితిమి. అతని పెదవినుండి కారుచున్న రక్తము ఆ చిత్రములో కనబడుచునే యుండెను.

అతనిని కాపాడినవాడు సంఘ సభ్యుడు కాడు. వీధి మొగలో ఇస్త్రీ బండి పెట్టుకొని, ఆ బండి ప్రక్కనే నిద్రించు నొక పేదవాడు. కలకలము విని లేచివచ్చి, జనమును త్రోసికొని ముందుకుపోయి, "ఈ మనిషి నాకు తెలియును; వెనుకవీధిలో కట్టుచున్న అపార్ట్‌మెంటులో రాళ్లు మోసెడువాడు; ఇప్పుడే నన్ను మందుల దుకాణమునకు దారి యడిగినాడు" అని చెప్పెను. సంచి విప్పి చూచిరి. అందులో బిడ్డ జ్వరమునకు వాడెడు మందుసీసా యొకటియు, ఒక రొట్టె పొట్లమును ఉన్నవి. అప్పటికి గాని యెవరికిని 112కు ఫోను చేయవలెనని తోచలేదు. పోలీసులు వచ్చి విడిపించిరి. ఆ కూలివాడు ఫిర్యాదు చేయలేదు. మరునాటి సాయంకాలమునకు భార్యతోను, జ్వరముతోనున్న బిడ్డతోను ఊరు విడిచి పోయెను. కొట్టినవారిలో దుర్మార్గుడొక్కడును లేడు. అందరును మా పిల్లలే, చదువుకొన్నవారే. తిలా పాపము తలా పిడికెడన్నట్లు పంచుకొన్నారు గనుక, ఎవరి పిడికెడును వారికి బరువుగ తోచలేదు.

ఆ ఇస్త్రీ బండివాడు ఆ రాత్రి మేలుకొనక పోయినచో నేమి జరిగియుండెడిదో ఊహింపనక్కరలేదు. 2018లో జరిగినదే జరిగెడిది. ఆ సంవత్సరము పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని, పార్థీ దొంగలు దిగినారని దేశమంతట ఫోనులలో వదంతులు వ్యాపించినవి. మే 26వ తేదీ రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, రంజాను మాసమున భిక్షమునకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై జనము విరుచుకుపడి యొకరిని చంపిరి. జూలై 1వ తేదీన మహారాష్ట్రలో ధూళే జిల్లా రైన్‌పాడాలో, ఊరూర భిక్షమెత్తి జీవించు సంచారజాతివారిని ఐదుగురిని పంచాయతీ కార్యాలయపు గదిలో నిడి కొట్టి చంపిరి. అదే నెల 13వ తేదీన హైదరాబాదునుండి బీదరు ప్రాంతమునకు విహారమునకు వెళ్లిన యొక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరును అట్లే చంపిరి. అతడును అతని మిత్రులును దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచినారు. అదియే నేరమైనది. ఇవన్నియు దొంగలు చేసిన హత్యలు కావు. తమ వీధిని, తమ పిల్లలను కాపాడుకొనుచున్నామని నమ్మినవారు చేసిన హత్యలు. ఆ నెల 17న సుప్రీంకోర్టు, మూకహత్యలను అరికట్టుటకు జిల్లాజిల్లాకు బాధ్యుడైన పోలీసు అధికారిని నియమింపవలెనని రాష్ట్రములను ఆదేశించవలసి వచ్చినది.

అదే యేట, అవే వదంతుల నడుమ, తెలంగాణలో గద్వాల, వనపర్తి ప్రాంతములందు మరియొకటి జరిగినది. వేసవిలో ఆరుబయట నిద్రించు పల్లెజనము తలుపులు బిగించుకొని లోపల పండుకొనుచుండుట అక్కడి పోలీసులు గమనించిరి. కారణము విచారింపగా ఫోనులలోని భయంకర చిత్రములని తెలిసినది. అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గ్రామగ్రామమునకు కానిస్టేబులును పంపి, డప్పు మ్రోగించి, పాటగాండ్రచేత పాడించి, ఇవి అబద్ధములని, అనుమానమున్నచో తమకు చెప్పుడని ప్రచారము చేయించెను. అక్కడ ప్రాణహాని జరుగలేదు. కానిస్టేబులు ఊరివారికి పేరుపేరున తెలిసినవాడగుటయే అందులోని రహస్యమని మా యభిప్రాయము. ముఖమెఱిగిన మనుష్యుని మాట, ముఖమెఱుగని ఫోను మాటను గెలిచినది.

చట్టమేమి చెప్పుచున్నదో వీధి సంఘములవారు తెలిసికొనుట మంచిది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ విభాగము ప్రకారము, సామాన్యుడెవరినైన పట్టుకొనవచ్చును. కాని ఎవరిని? బెయిలుకు వీలులేనిదియు, వారంటు లేకయే పోలీసులు పట్టదగినదియు నగు నేరమును తన కన్నులయెదుట చేసినవానిని, లేదా న్యాయస్థానముచే ప్రకటింపబడిన నేరస్థుని. అనుమానము కలిగించినవానిని కాదు. రాత్రి నడచినవానిని కాదు. తెలుగు రానివానిని అంతకంటె కాదు. పట్టినను అనవసరమైన ఆలస్యము లేక, ఆరు గంటలలోపల పోలీసులకు అప్పగింపవలెను. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో నున్నదే, ప్రాణమునకును ఆస్తికిని. కాని అవసరమునకు మించిన హాని చేయుట కది లైసెన్సు కాదు, పోలీసులను పిలుచుటకు వ్యవధి యున్నచోట ఆ హక్కే లేదు. కులము, భాష, పుట్టిన ప్రదేశము వంటి కారణములపై ఐదుగురో అంతకెక్కువమందియో కలిసి హత్య చేసిన, ప్రతివానికిని మరణశిక్షయో యావజ్జీవమో విధింపవచ్చునని 103వ విభాగమున ప్రత్యేకముగ చేర్చిరి. మా పండ్రెండుమంది యువకులలో నొక్కనికైన ఇది తెలియదు. వారికి చెప్పక పేర్లు వ్రాసికొన్న పెద్దలదే తప్పు, మాతో సహా.

పుట్టుకతోనే మనుష్యుని దొంగగా లెక్కించుట మనము పరాయి ప్రభుత్వమువద్ద నేర్చుకొన్న విద్య. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసినది. 1911లో దానిని మద్రాసు రాజధానికిని విస్తరింపజేసినది. జాతులకు జాతులనే పట్టికల కెక్కించి, వ్రేలిముద్రలు తీసి, హాజరు వేయించి, ఊరు కదలుటకు అనుమతి పుచ్చుకొనుమన్నారు. బాపట్ల ప్రాంతమున స్టువర్టుపురము అట్లు ఎరుకలవారికై ఏర్పడిన సెటిల్‌మెంటే. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. జైలు నిబంధనలలో ఆ జాతులపై మిగిలియున్న ముద్రను తొలగింపుడని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పు చెప్పవలసివచ్చినదనిన, చట్టము చచ్చినను దాని చూపు చావలేదన్నమాట. స్వరాజ్యము వచ్చిన యింతకాలమునకు మన వీధి సంఘము ఆ దొరల పట్టికనే మరల తెరచి, ఎరుకల, ఒరియా, బీహారీ, ట్రాన్స్‌జెండర్, చిత్తుకాగితములు ఏరుకొనువాడు అని గీతలు గీసినచో సిగ్గుచేటు. పైగా దానివలన దొంగ దొరకడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని పెద్దలు ఊరకనే చెప్పిరా?

ఇతర దేశముల యనుభవమును ఇట్టిదే. అమెరికాలో 1972నుండి పోలీసు అధికారుల ప్రోత్సాహముతో ఇరుగుపొరుగు కావలి సంఘములు వ్యాపించినవి. బ్రిటనులో 1982లో చెషైరు ప్రాంతపు మాలింగ్టను అను చిన్న గ్రామమున మొదలైనవి. 2008లో బెన్నెట్, హాలొవే, ఫారింగ్టను అను పరిశోధకులు అదివరకటి పరిశీలనలన్నిటిని గూర్చి చూడగా, అట్టి సంఘములున్నచోట నేరములు నూటికి పదునారునుండి ఇరువదియాఱు పాళ్లు తగ్గినట్లు తేలినది. తక్కువ లాభము కాదు. కాని 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డు పట్టణమున అట్టి కావలి స్వచ్ఛందసేవకుడొకడు, దుకాణమునుండి మిఠాయి కొనుక్కొని వచ్చుచున్న పదునేడేండ్ల నల్లజాతి బాలుని అనుమానించి, వెంటాడనక్కరలేదని పోలీసులు ఫోనులో చెప్పినను వినక, తుదకు తుపాకితో కాల్చి చంపినాడు. మరుసటి యేట జ్యూరీ అతనిని నిర్దోషి యన్నది. కావలివాని చేతిలో ఆయుధమున్నపుడు తప్పు దిద్దుకొనుటకు వ్యవధి యుండదు.

అయితే సంఘమును మూసివేయుదమా? మా పేటలో కొందరు పెద్దలు అట్లే సలహా చెప్పిరి. మేము సమ్మతింపలేదు. గాంధీమహాత్ముడు 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో ఇంటికి వచ్చిన దొంగ నేమి చేయవలెనని చాల దూరము చర్చించి, తుదకు తలుపులు తెరచియుంచుటదాక పోయినారు. మేమంత దూరము పోజాలము. కూతురి పెండ్లికి దాచిన చీరలు పోగొట్టుకొన్న తల్లితో ఆ మాట చెప్పుటకు మాకు నోరు రాదు. కాని కఱ్ఱ లేకయే క్రమమును నిలుపవచ్చునని ఈ నేల యొకసారి చూపియున్నది. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడినపుడు, వచ్చిపడిన జనసముద్రమును అదుపులో నుంచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు. ఆ యేటనే చీరాల పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నును నిరాకరించి ఊరే విడిచి గుడిసెలలో నెలల తరబడి యున్నపుడు వారికి తోడునిలిచినదియు ఆ దండే. వారికి శిక్షణ యుండెను, నాయకుడుండెను, చేయరాని పనులేవో ముందే తెలిసియుండెను. మా పండ్రెండుమందికి ఈ మూడును లేవు.

కావున ఆ రాత్రి పిమ్మట మా సంఘమును తిరిగి కట్టుచున్నాము. మొదటి నియమము ఆయుధము కూడదు; టార్చిలైటు, ఈల, ఫోను చాలును. ఎవరినైన ముట్టుట, వెంటాడుట, కట్టుట, సంచి విప్పించుట కూడదు. దూరమునుండి చూచి 112కు చెప్పవలెను. అంతటితో కావలివాని పని యైపోయినది. ఛాయాచిత్రములను గుంపులో పెట్టుట బొత్తిగ నిషేధించితిమి. దీనిపై యువకులు చాల వాదించిరి. ఒకడు, "అట్లయిన మేమెందులకు?" అని కోపముతో లేచిపోయెను. అతడు మరల వచ్చునని మా యాశ.

రెండవది, ఎవరు సభ్యులు? మొదటి జాబితాలో ఇండ్ల యజమానులు మాత్రమే యుండిరి. పగలెల్ల కార్యాలయములలోను, రాత్రియెల్ల తలుపుల వెనుకను ఉండువారు వీధిని గూర్చి యేమి యెఱుగుదురు? తెల్లవారకమునుపే వీధి నూడ్చు పారిశుద్ధ్య కార్మికురాలు, పాలు వేయు కుఱ్ఱవాడు, పత్రిక వేయు కుఱ్ఱవాడు, అపార్ట్‌మెంటు మెట్లక్రింద నొక గదిలో సంసారము చేయుచు రాత్రింబవళ్లు గేటు కాచు వాచ్‌మన్, టీకొట్టువాడు, ఇస్త్రీ బండివాడు: వీధికి నిజమైన కన్నులు వీరు. అద్దెకున్నవారిని సైతము మొదట విడిచిరి. ఇది నవ్వదగినదో ఏడువదగినదో తెలియదు, మా వీధిలో సగమిండ్లు అద్దెవే. స్త్రీలను "రాత్రి గస్తీకి పనికిరారు" అని తొలగించిరి. కాని మా పేటలో మెడలోని గొలుసులు త్రెంపుకొనిపోయినది రాత్రి కాదు. ఉదయము ఆఱు గంటలకు ముగ్గు వేయుచుండగా, చిరునామా యడుగు నెపమున మోటారుసైకిలు నాపి. నగలకు మెరుగు పెట్టెదమని వచ్చి మోసగించువారు వచ్చునదియు మగవారు లేని పగటివేళలోనే. ఏ వేళ నే తలుపు తట్టబడునో స్త్రీలకు తెలిసినట్లు మనకు తెలియదు.

రాత్రి గస్తీకంటె ముందు చేయవలసినవి మూడునాలుగు చిన్న పనులున్నవి. ఒక నోటుపుస్తకము పెట్టి, ప్రతి యింటివారి పేరు, ఫోను నంబరు, వృద్ధు లొంటరిగ నున్నచో ఆ సంగతి వ్రాసికొనుట. ఊరికి పోవువారు ప్రక్క రెండిండ్లవారికి చెప్పిపోవుట. ఆ పుస్తకము ఒకరి బీరువాలో తాళము క్రింద నుండవలెను, వాట్సాప్‌లో కాదు. అది దొంగ చేతిలో పడిన మన చేతితో మనమే వానికి దారి చూపినట్లగును. ఆరిపోయిన వీధిదీపములను లెక్కించి మునిసిపాలిటీకి వ్రాయుట మరియొకటి. మా వీధిలో పదునాలుగు స్తంభములకు ఐదు వెలుగుటలేదు; తాళములు పగిలిన మూడిండ్లును ఆ చీకటి భాగమునందే యున్నవి. నెలకొకసారి పోలీసుస్టేషనునుండి యొక అధికారిని పఠనమందిరమునకు పిలిచి యెదుట కూర్చుండబెట్టుకొనుట. పోలీసువారి బాధ్యతను మనము నెత్తికెత్తుకొనుటకు కాదు ఆ పిలుపు. గస్తీ తిరుగవలసినది వారు, నేరమును నమోదు చేయవలసినది వారు. పన్ను కట్టుచున్నది మనము. మీరు సంఘము పెట్టుకొన్నారుగదా యని వారు నిద్రించుటకు వీలులేదు.

దొంగ నేడు వీధిగుండనే వచ్చునని నియమము లేదు. ఫోనుగుండ వచ్చుచున్నాడు. పోలీసు వేషముతో తెరపై కనబడి, "డిజిటల్ అరెస్టు" చేసితిమని వృద్ధులను గదిలో బంధించి, బ్యాంకులోని జీవితకాలపు కూడబెట్టును తీసికొనిపోవుచున్నాడు. అట్టి అరెస్టు మన చట్టములలో నెక్కడను లేదు. పిల్లలు అమెరికాలోను, హైదరాబాదులోను ఉండగా ఇక్కడ నొంటరిగ నున్న తల్లిదండ్రులకు ఆ మాట చెప్పువారు లేరు. రెండు దినములుగ బయట కనబడని ముసలాయన తలుపు తట్టి, "బాబాయిగారూ, అంతా క్షేమమేనా?" అని యడుగు పొరుగువాడున్న చాలును, ఆ ఫోను అక్కడనే తెగును. సొమ్ము పోయినచో ఆలస్యము లేక 1930కు చెప్పవలెనని అందరి గోడలమీదను వ్రాసిపెట్టుదము. తాళముకంటె గట్టి కావలి ఈ తలుపు తట్టుటయే యని మాకు నానాటికి తోచుచున్నది.

వచ్చు ఆదివారము సంఘపు రెండవ సభ జరుగును. మొదటి యంశము ఐదు వీధిదీపములు. రెండవది, ఊరు విడిచిపోయిన ఆ కూలివాని ఆచూకీ తీసి, వైద్యపు ఖర్చు పంపి, క్షమాపణ చెప్పుట. కట్టించుచున్న మేస్త్రీద్వారా ప్రయత్నించుచున్నాము, ఇంకను తెలియలేదు. సభకు ఇస్త్రీ బండి యతనిని గూడ ఆహ్వానించితిమి. సాయంకాలము బండి విడిచివచ్చిన గిరాకి పోవుననియు, రాత్రి ఎనిమిది దాటిన పిదప రాగలననియు నతడు చెప్పెను. అందుచే ఐదు గంటలకని ప్రకటించిన సభను ఎనిమిదిన్నరకు మార్చితిమి.